పంటికి పూచీ



ఏలూరు నుండి కైకలూరు పోవు త్రోవలో, ఇంకను వెలుగు పూర్తిగా రాని వేళ, కొల్లేటి చేపల చెరువుల గట్లమీద చేత టార్చిలైటు పట్టుకొని నేలచూపుతో మెల్లమెల్లగా నడచుచుండు మనుష్యులను మీలో చాలమంది చూచియే యుందురు. వారు వెదకునది చేపలను గాదు, గట్టుకు ఎండ్రకాయ పెట్టిన బొరియను. ఆ బొరియ వ్రేలు పట్టునంత యున్నప్పుడు పిడికెడు బంకమట్టితో, కాలిమడమ అదుముతో పూడిపోవును. రెండు మూడు దినములు ఉపేక్షించినచో తూమువలె నీరు కారును. వానలు పడి బుడమేరో తమ్మిలేరో పొంగిననాడు అదియే గండియై సంవత్సరపు పెట్టుబడి నంతను కొల్లేటిలో కలుపును. ఈ సంగతి అచ్చట పదేండ్ల పిల్లవానికి సైతము తెలియును. అట్టి గట్టుమీద, వాచిన దవడకు తువాలు చుట్టుకొని నిలుచున్న ఒక రైతును నేనొకప్పుడు పలుకరించితిని. "పన్నే కదండి, లవంగం పెట్టాను, అదే తగ్గిపోద్ది" అని ఆయన బదులు చెప్పెను. తన చెరువు గట్టును గూర్చి ఎన్నడును ఆడని మాటను తన నోటిని గూర్చి అంత సులువుగా ఆడిన ఆ మంచి మనిషిని తలచుకొనియే నేటి ప్రసంగమును వ్రాసికొంటిని.

మితమైన రాబడి గల కుటుంబము పంటివైద్యపు ఖర్చునకు ఎట్టి రక్షణను కల్పించుకొనవలెను, ఇన్సూరెన్సు తీసికొనవలెనా, తీసికొన్నచో దేనిని, తీసికొననిచో దానికి మారుగా ఏమి చేయవలెను అనునది నా విషయము. ఇది గుండెజబ్బువలె గాని, మూత్రపిండముల వ్యాధివలె గాని భయము పుట్టించు విషయము కాదు. అందుచేతనే దీనిని గూర్చి ఇంటింట చర్చ జరుగదు. చర్చ జరుగకపోవుటచేతనే ఖర్చు పెరుగును.

మొదట పంటి స్వభావమును కొంచెము చెప్పవలసియున్నది. దానిని తెలియక రక్షణను గూర్చి ఎంత చెప్పినను గాలిలో గోడ కట్టినట్లే యగును. పంటిపై నుండు తెల్లని గట్టిపొర, శరీరములోని పదార్థములన్నింటిలోను కఠినమైనది, ఒకసారి చిల్లి పడినదా మరల తనంత పెరుగదు. తీపి తగిలినప్పుడెల్ల నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చి ఆ పొరను కొంచెము కొంచెముగా కరగించును. ఈ దశలో నొప్పి యుండదు. లోపలి పొరను చేరినప్పుడు చల్లనినీళ్ళకు జివ్వుమనును. అంతకు లోపలనున్న మెత్తని గుజ్జును, అనగా నరమును రక్తనాళమును గల భాగమును చేరినప్పుడే రాత్రి నిద్ర పట్టని పోటు మొదలగును. ఇక వినవలసిన విషయ మొకటి కలదు: కొన్నాళ్ళకు ఆ నరము చచ్చిపోయి పోటు తానే ఆగును. మన రైతు లవంగముతో తగ్గిపోవునని ధీమాపడినది ఈ దశలోనే. చీము అప్పటికి వేరుకొనకు దిగి దవడ ఎముకను తినుచుండును. మొదటి దశలో చిన్న ఫిల్లింగుతో పోవునది, మూడవ దశలో రూట్ కెనాలును దానిపై క్యాపును కోరును; నాలుగవ దశలో పన్ను తీసివేసి, ఆ ఖాళీలో మరియొకటి కట్టించుకొనవలసి రావచ్చును. ప్రతి దశకును ఖర్చు కొన్ని రెట్లు పెరుగుచుండును.

తల్లులకు ప్రత్యేకముగా ఒక మాట మనవి చేయుదును. బిడ్డకు ఇంచుమించు ఆరేండ్లు వచ్చినప్పుడు పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పాలపన్నును ఊడకుండగనే, పెద్ద దవడపన్ను ఒకటి మొలచును. ఏ పన్నును ఊడలేదు గనుక అదియు పాలపన్నే యనుకొని, ఎట్లును రాలిపోవునదే గదా యని ఉపేక్షించు ఇండ్లు అసంఖ్యాకములు. అది రాలదు. డెబ్బదియేండ్ల వరకు నమలవలసిన పన్ను అది. దాని పైభాగమున లోతైన గాడులుండుటచే మొదట పుచ్చునదియు అదియే. ఆ గాడులను ఒక విధమైన పూతతో పూడ్చు పద్ధతి దంతవైద్యులయొద్ద కలదు. అది సూదియు నొప్పియు లేని, స్వల్పమైన ఖర్చుతో ముగియు పని. కుటుంబపు పంటిరక్షణలో మొదటి రూపాయి పెట్టవలసినచోటు ఇదియని నా దృఢమైన అభిప్రాయము.

ఇప్పుడు మా ఇంటి సంగతి యొకటి. మేము తాడేపల్లిగూడెములో నుండు దినములలో, ఉల్లి మార్కెట్టునకు దాపుననున్న మా ఇంటికి ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, సంవత్సరమునకు కొంత సొమ్ము కట్టినచో కుటుంబమంతటికిని పంటివైద్యము లభించునని చెప్పి, నవ్వుచున్న బిడ్డ బొమ్మగల అందమైన కార్డును చూపెను. మర్యాదస్థుడు, "పిన్నిగారూ" అని మా యింటామెను సంబోధించి, కాఫీ త్రాగి, సంతకము చేయించుకొని వెళ్ళెను. ఎనిమిది నెలలు గడచిన పిమ్మట ఆమెకు క్రింది దవడపన్ను పోటు పెట్టగా ఆ కార్డును తీసికొని బయలుదేరితిమి. కార్డునకు లోబడిన వైద్యుడు గూడెములో లేడు, బెజవాడలో నున్నాడు. పెద్ద చికిత్సలకు సంవత్సరము నిండవలెనట. కార్డు తీసికొనకముందే పుచ్చిన పన్నునకు ఏమియు రాదట. రూట్ కెనాలునకు తగ్గింపు గలదు గాని క్యాపునకు లేదట. ఆ తగ్గింపు సైతము ఏ ధర మీదనో విచారింపగా, ఆ పనికే మా వీధి డాక్టరుగారు పుచ్చుకొను పూర్తి ధరయే తక్కువయని తేలెను. ఈ నిబంధనలన్నియు మాకిచ్చిన కాగితముల వెనుకప్రక్కన చీమతలకాయలంత అక్షరములలో ముద్రింపబడియే యున్నవి. ఆ రాత్రి పోటుతో మంచముమీద కూర్చున్న ఆమె ముఖము నాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆ తరువాత నేను చాలకాలము ఆలోచించితిని: పంటికి భీమా ఎందుల కింత కఠినముగా నుండును? భీమా యనునది రావచ్చునో రాకపోవచ్చునో తెలియని ఆపదకు ఏర్పడినది. నూరు ఇండ్లవారు తలకొంత వేసినచో, కాలిన ఒక్క ఇంటికి ఆ సొమ్ము సరిపోవును. తక్కిన తొంబదితొమ్మిది ఇండ్లకు నిశ్చింత దక్కును. పన్ను అట్టిది గాదు. నూరు ఇండ్లలోను పుచ్చుపన్ను ఉండును, గార పట్టిన చిగురు ఉండును. అందరికిని వచ్చునదానికి అందరును వేసిన చందా, నిర్వహణపు ఖర్చును లాభమును పోగా, తాము పెట్టవలసిన ఖర్చుకంటె తక్కువయగుట ఎట్లు? కావున భీమావారు నిరీక్షణకాలమును, మినహాయింపును, సంవత్సరమునకు ఇంతయే యను పరిమితిని కంచెవలె చుట్టును నాటుకొందురు. ఇది ఒక దేశపు సంగతియు గాదు. ఇంగ్లండులో 1948 జూలైలో జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనప్పుడు పంటివైద్యము కట్టుడుపళ్ళతో సహా ఉచితముగా నుండెను. జనులు వెల్లువవలె వచ్చిరి. 1951లో ప్రభుత్వము కట్టుడుపళ్ళకును కళ్ళజోళ్ళకును రుసుము విధింప నిశ్చయించగా, ఆ సేవను నిర్మించిన అన్యూరిన్ బెవాన్ తన మంత్రిపదవినే త్యజించెను. అమెరికాలో వృద్ధుల కొఱకు 1965లో ఏర్పడిన మెడికేర్ పథకము సాధారణ పంటివైద్యమును తన హద్దునకు వెలుపలనే యుంచినది. అచ్చటి ప్రైవేటు పంటిభీమాలు పెక్కింటికి సంవత్సరమునకు వేయి మొదలు రెండువేల డాలర్ల పరిమితి యుండును. అందుచేతనే డల్లాసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన మన గోదావరి జిల్లాల బిడ్డలు, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అమ్మచేతి పులుసుతోపాటు పంటిడాక్టరుగారి దర్శనమును గూడ తమ కార్యక్రమములో చేర్చుకొందురు.

ఇక మన చేతిలో నిప్పటికే యున్న కార్డులను ఒక్కొక్కటిగా వెలుతురులో పెట్టి చూతము. రాష్ట్ర ప్రభుత్వపు ఆరోగ్యశ్రీ 2007లో పుట్టి, ప్రభుత్వములు మారిన కొలది పేరు మార్చుకొనుచు, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచున్నది. దానిని రెండువేలకు పైగా చికిత్సలకు విస్తరించిన ప్రయోగము 2020 జనవరి 3వ తేదీన మన ఏలూరునందే, నాటి పశ్చిమగోదావరి జిల్లాకు ప్రారంభమయ్యెను. దాని ఉపకారము నేను కన్నులార చూచితిని. దానిని తక్కువచేసి మాటాడను. దవడ ఎముక విరిగినను, గ్రహణమొఱ్ఱితో బిడ్డ పుట్టినను, నోటిలో క్యాన్సరు పుట్టినను అది అండగా నిలుచును. పుచ్చుపన్నునకు ఫిల్లింగు, పాచిగారకు శుభ్రము, పోయిన పంటికి కట్టుడుపన్ను అనునవి దానిలో వెదకరాదు. అనగా అది దవడకు పూచీపడును గాని పంటికి పూచీపడదు.

నోటి క్యాన్సరు మాట వచ్చినది గనుక ఒక్క క్షణము ఆగెదను. చుట్టను నిప్పు లోపలికి పెట్టి త్రాగు అడ్డపొగ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరమున ఎంత ప్రబలమో, దానిచే అంగిలికి కలుగు మార్పు లెట్టివో, డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గును బొంబాయి దంతవైద్యుడు ఫాలీ మెహతాయు తమ సహచరులతో గూడి పదివేలకు పైగా గ్రామీణుల నోళ్ళను పరీక్షించి 1971లో ప్రకటించిరి. ప్రపంచపు దంతవైద్య గ్రంథములలో ఆంధ్రదేశమునకు దక్కిన ఈ ప్రసిద్ధి నాకు దుఃఖము కలిగించును. మన లంక గ్రామములలో చుట్టయు, ఖైనీయు, పొట్లములలో వచ్చు వక్కపొడియు ఉన్నవి. నోటిలో తెల్లని మచ్చగాని ఎఱ్ఱని మచ్చగాని మానని పుండుగాని రెండు మూడు వారములు నిలిచినచో, నొప్పి లేకున్నను, ఆలస్యము చేయక చూపించుకొనవలెను. ప్రభుత్వపు కార్డు మనకు నిజముగా పనికివచ్చునది ఇచ్చట. తొందరగా చేరినవారికే అది ప్రాణమును కాపాడగలదు.

కార్మికులకు 1948 నాటి చట్టముచే ఏర్పడిన ఇ.ఎస్.ఐ., అనగా కార్మిక రాజ్య భీమా, కలదు. నెలకు 21,000 రూపాయల వరకు జీతముగలవాడు దానికి అర్హుడు; జీతములో నూటికి ముప్పాతిక రూపాయి అతడును, మూడుంబాతిక యజమానియు చెల్లింతురు. ఈ సొమ్ము కోతపడుచున్నదని తెలిసియు, దానిలో కుటుంబమునకు పంటివైద్యము సైతము గలదని తెలియని వారిని ఏలూరులోను గూడెములోను ఎందరినో ఎఱుగుదును. డిస్పెన్సరీలో చీటి వ్రాయించుకొని గుణదలలోనో రాజమహేంద్రవరములోనో గల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి పోవుటకు ఒక దినపు కూలి పోవును, నిజమే. ఐనను కట్టిన సొమ్మును విడిచిపెట్టుట ఏ న్యాయము? ప్రభుత్వోద్యోగులకును పింఛనుదారులకును గల ఆరోగ్యపథకములో, ఎంపిక చేసిన దంతవైద్యశాలలలో కొన్ని చికిత్సలు లభించును. మీ కార్డుతో ఆ వైద్యశాలల పట్టికను ఒకసారి సరిచూచుకొనుడు. బడికిపోవు పిల్లలకు 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, వైద్యబృందము బడికే వచ్చి పళ్ళను గూడ చూచును; ఆనాడు బిడ్డను బడి మాన్పింపకుడు.

సొంతముగా కొనుక్కొను ఆరోగ్యభీమాలలో, భీమా నియంత్రణ సంస్థ ఆజ్ఞచే కంపెనీలన్నియు 2020 ఏప్రిల్ నుండి ఒకే నమూనాలో అమ్ముచున్న 'ఆరోగ్య సంజీవని' సామాన్యునికి అర్థమగునది. రోగముచేతగాని దెబ్బచేతగాని అవసరమైన పంటిచికిత్స దానిలో చేర్చబడినదను మాట నిజము. ఐతే ఆ చికిత్స ఆసుపత్రిలో కనీసము ఇరువదినాలుగు గంటలు చేరియున్నప్పటి ఖర్చులలో నొకటిగా చెప్పబడినది. పంటి పనులలో చాలవరకు కుర్చీలో కూర్చుండి గంటలో లేచి వచ్చునవియే. ఇక తక్కిన పాలసీలు పెక్కు ప్రమాదమున పన్ను దెబ్బతిన్నప్పుడు తప్ప పంటిమాట ఎత్తవు. బయటిరోగుల చికిత్సకు అదనపు ప్రీమియముతో పంటిని చేర్చు పాలసీలు లేకపోలేదు; ఉద్యోగమిచ్చిన సంస్థయే ఆ ప్రీమియము కట్టుచున్నచో తప్పక పుచ్చుకొనుడు. మీ జేబునుండి కట్టవలసినప్పుడు మాత్రము, వచ్చిన ఏజెంటును గౌరవముగా కూర్చుండబెట్టి, ఏ చికిత్సకు ఎన్ని నెలలు వేచియుండవలెనో, క్యాపు చేరినదో లేదో, సంవత్సరపు పరిమితి యెంతయో, మా ఊరినుండి ఒక బస్సు ఎక్కి చేరగల వైద్యుడెవ్వరో, ఇవన్నియు మాటలలో గాక కాగితముమీద వ్రేలుపెట్టి చూపుమని అడుగుడు. పాలసీ చేతికి వచ్చిన పిదపను ముప్పదిదినముల గడువు కలదు. చదివి నచ్చకున్న తిప్పిపంపవచ్చును. న్యాయమైన క్లెయిమును త్రోసిపుచ్చినచో, మొదట కంపెనీకి వ్రాసి, ముప్పదిదినములలో పరిష్కారము కానిచో హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్ గారికి ఖర్చు లేకుండ, వకీలు లేకుండ, తెల్లకాగితముమీదనే మొఱపెట్టుకొనవచ్చును.

ఇంతకును నా మాట ఏమనగా: ఆసుపత్రిపాలు చేయు జబ్బులకు భీమా ఉండవలెను, దానిని మానరాదు, పంటికి మాత్రము ఇంటి పొదుపే భీమా. అయిదారుగురున్న కుటుంబమొకటి నెలకు మూడువందలు పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టులో వేసినదనుకొందము. మూడేండ్లకు వడ్డీగాక 10,800 రూపాయలు కూడును. ఏ సంవత్సరమును పన్ను పుచ్చకున్నను ఆ సొమ్ము మీదియే. కార్డునకు కట్టిన సొమ్ము సంవత్సరము నిండగానే ఆవిరియగును. డ్వాక్రా సంఘములలో నున్న సోదరీమణులకు నెలనెల పొదుపు క్రొత్తవిద్య కాదు. గేదెకు, కుట్టుమిషనుకు అప్పు వ్రాయు పుస్తకములో పిల్లల పళ్ళకొక వరుస గీయుడని వారిని కోరుచున్నాను.

ఆ పొదుపును ఎచ్చట ఖర్చుపెట్టవలెననుటలో మన ప్రాంతము అదృష్టవంతమైనది. ఏలూరు ప్రక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల, భీమవరములో విష్ణు దంతవైద్య కళాశాల, బెజవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలవు. విద్యార్థులచేత పళ్ళు బాగుచేయించుకొనుటయా యని జంకువారున్నారు. ఆ జంకు అకారణము. విద్యార్థి పట్టా పొందుటకు ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని కట్టుడుపళ్ళు తన చేతితో చేసి చూపవలెను. చేయుచున్నంతసేపు అధ్యాపకుడు వచ్చి చూచి, సరిదిద్ది, ఒప్పుకొన్న పిదపనే తరువాతి మెట్టు. అతనికి మన పన్ను ఒక పరీక్ష. కావున బజారు వైద్యుడు అరగంటలో ముగించు పనికి అతడు మూడుపూటలు తీసికొనును. ధర బయటికంటె తక్కువ, కాలము ఎక్కువ. కూలికి పోవువానికి ఆ కాలమే ధర యని నేనెఱుగుదును. అందుచే చేపల పట్టుబడి ముగిసి చెరువు ఎండగట్టిన రోజులలోను, వరికోతకును నాట్లకును నడుమనున్న ఖాళీలోను ఈ పనులు పెట్టుకొనవలెనని చెప్పుచుందును. నొప్పి వచ్చినప్పుడు పోవువానికి రోజును ఎన్నుకొను స్వాతంత్ర్యము లేదు.

మా యింటామె రూట్ కెనాలు చివరకు అట్టి కళాశాలలోనే, నాలుగు రాకపోకలలో ముగిసెను. అద్దములు పెట్టుకొన్న ఒక చిన్నపిల్ల, మా మనుమరాలి యీడుది, "బామ్మగారూ, ఇంకొక్క అయిదు నిమిషాలండి" అని మాటిమాటికి బ్రతిమాలుచు చేసినది. ఆ పన్ను నేటికిని చెక్కలు నమలుచున్నది.

గట్టుమీది రైతు సంగతి చెప్పవలసియున్నది. ఆ వాపు నాలుగుదినములకు కంటిక్రిందికి ప్రాకగా దుగ్గిరాల పోయెనట. పన్ను నిలుపుటకు వీలులేక తీసివేసిరట. పోయిన సంక్రాంతికి కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి గుడియొద్ద కనబడి, నేను అడుగకముందే నోరు తెరచి ఆ ఖాళీని చూపెను. ప్రక్కన ఏడేండ్ల కొడుకు నిలుచుండెను. "చెరువు గట్టు చూసొచ్చిన టార్చిలైటుతోనే ఆదివారం ఆదివారం ఈడి నోరు చూత్తన్నానండి. ఎనకాల పెద్దపన్ను మీద నల్లగీత కనపడింది. పండగెళ్ళాక మంగళారం తీసుకెళ్తన్నాం, ఈడమ్మా నేనూ" అని చెప్పి, పిల్లవాని గడ్డము పైకెత్తి, ఎండకు ఎదురుగా త్రిప్పి, ఆ గీతను నాకు చూపెను.